అటుకులు, సెనగలు, నత్రజని: నీళ్లలోంచి పైకొచ్చేటప్పుడు ఎక్కడ ఆగాలి?

అండమాన్‌లో హేవలాక్ దీవికి వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకుని వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. (ఆ దీవి పేరు ఇప్పుడు స్వరాజ్ ద్వీప్. మన రాజమండ్రి హేవలాక్ వంతెనకీ దానికీ చుట్టరికం లేదు. ఆ హేవలాక్ మద్రాసు గవర్నరు, ఈ హేవలాక్ సైన్యాధికారి.) వాళ్లని అడిగితే ఒక సంగతి తప్పకుండా చెబుతారు. డైవ్ అయిపోయింది, పైన పడవ అడుగు కనిపిస్తూనే ఉంది, రెండు సార్లు కాళ్లు ఆడిస్తే గాలిలోకి వచ్చేస్తారు. అయినా శిక్షకుడు అరచెయ్యి అడ్డం పెట్టి ఆపేస్తాడు. 5 మీటర్ల లోతున తాడు పట్టుకుని, మణికట్టు మీది డైవ్ కంప్యూటర్‌లో అంకెలు తగ్గడం చూస్తూ 3 నిమిషాలు వేలాడాలి.

ఎందుకంటే ఒంట్లో బుడగలు పుట్టకుండా అంటారు. సరే. మరి 5 మీటర్ల దగ్గరే ఎందుకు? బుడగ మొలకెత్తకముందే, ఇంకా లోతులో ఉండగానే, 15 మీటర్ల దగ్గర ఆగితే ఇంకా మంచిది కాదా? వినడానికి సబబుగానే ఉంది. డైవింగ్ లోకం ఈ ప్రశ్న మీద దాదాపు ఇరవై ఏళ్లు రెండుగా చీలి పోట్లాడుకుంది. ఆ తగాదా అర్థం కావాలంటే ముందు నత్రజని మన ఒంట్లో ఎలా నానుతుందో చూడాలి.

ఒళ్లంతా ఒకేలా నానదు

నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకీ సుమారు ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. ఒడ్డున 1, 10 మీటర్ల దగ్గర 2, 30 మీటర్ల దగ్గర 4. డైవర్ పీల్చే గాలి కూడా అదే ఒత్తిడితో వస్తుంది, లేకపోతే ఊపిరితిత్తులు విచ్చుకోవు. ఆ గాలిలో 79 శాతం నత్రజనే. ఆక్సిజన్‌ని ఒళ్లు వాడేసుకుంటుంది. నత్రజనితో ఒంటికి పనిలేదు కాబట్టి అది రక్తంలో కరిగి, కండలోకీ కొవ్వులోకీ కీళ్లలోకీ చేరి కూర్చుంటుంది. పైకి వస్తున్నప్పుడు మళ్లీ రక్తం దారినే ఊపిరితిత్తులకు చేరి బయటికి పోవాలి. ఇలా ఒత్తిడి తగ్గించుకుంటూ రావడాన్నే డీకంప్రెషన్ అంటారు.

చిక్కంతా వేగంలో ఉంది. అటుకులు నీళ్లలో వేస్తే నిమిషంలో మెత్తబడతాయి. సెనగలు రాత్రంతా నానబెట్టాలి. ఒంట్లోనూ అంతే. రక్తం ధారగా పారే చోట్లు అటుకుల్లాంటివి, నెత్తురు అంతంతమాత్రంగా అందే చోట్లు సెనగల్లాంటివి. ఎంత వేగంగా నానుతుందో చెప్పడానికి అర్ధకాలం అనే కొలత వాడతారు. నిండాల్సిన దాంట్లో సగం నిండడానికి పట్టే సమయం అది. అర్ధకాలం 5 నిమిషాలైతే 5 నిమిషాలకు సగం, 10కి ముప్పావు, 20కి దాదాపు 94 శాతం నిండుతుంది. ఆరడానికీ అదే లెక్క.

ఈ ఆలోచనని లెక్కలోకి తెచ్చినవాడు బ్రిటిష్ శరీరశాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. నౌకాదళంలో డైవర్లు పక్షవాతంతో పడిపోతుంటే ఆయన మేకల్ని ఒత్తిడి గదిలోకి ఎక్కించి పరీక్షలు చేశాడు. మేక తన నొప్పి నోటితో చెప్పలేదు గానీ నొప్పి పుట్టిన ముందుకాలు నేలకి ఆనించకుండా ఎత్తి పట్టుకుంటుంది. ఆయనకు ఆ గుర్తు చాలు. ఒత్తిడి సగానికి తగ్గినా మేకలకి ఏమీ కాలేదు, అంతకు మించి ఒక్కసారిగా తగ్గిస్తేనే కాళ్లు లేచాయి. 1908లో బాయ్‌కాట్, డామంట్‌లతో కలిసి ప్రచురించిన పత్రంలో ఆయన ఒంటిని 5, 10, 20, 40, 75 నిమిషాల అర్ధకాలాలున్న ఐదు భాగాలుగా ఊహించి పట్టికలు వేశాడు. ఒత్తిడి సగమయ్యేదాకా గబగబా పైకి రా, అక్కడి నుంచి మెట్టుమెట్టుకీ ఆగు. ఇదీ సూత్రం. ఇవాళ్టి డైవ్ కంప్యూటర్లలో ఎక్కువ వాటికి ఆయనే తాత.

ఒక డైవ్, రెండు కణజాలాలు, కాస్త లెక్క

30 మీటర్ల లోతున 20 నిమిషాలు గడిపారనుకోండి. అక్కడ పీల్చే గాలిలో నత్రజని ఒత్తిడి 4లో 79 శాతం, అంటే 3.16 వాతావరణాలు. దిగకముందు ఒంట్లో ఉన్నది 0.79. లెక్క సులువుగా ఉండాలని ఊపిరిలోని తేమని పక్కన పెడుతున్నాను.

అర్ధకాలం 5 నిమిషాలున్న కణజాలాన్ని అటుకులు అందాం, 80 నిమిషాలున్నదాన్ని సెనగలు అందాం. 20 నిమిషాలయ్యేసరికి అటుకులు 3.01కి చేరతాయి, దాదాపు నిండిపోయినట్టే. సెనగలు 1.17 దగ్గరే ఉంటాయి, ఇంకా నానడం మొదలైనట్టే.

ఇప్పుడు నేరుగా పైకి వచ్చేస్తే? ఒడ్డున మొత్తం ఒత్తిడి 1. అటుకుల్లో 3.01 ఉంది, హాల్డేన్ గీసిన గీత ఎప్పుడో దాటిపోయింది. అయినా మామూలుగా ఏమీ కాదు. అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ వర్క్‌మన్ 1965లో ఈ విషయాన్నే సరిచేశాడు. హాల్డేన్ అన్నట్టు అన్నిటికీ ఒకే నిష్పత్తి చెల్లదు, 5 నిమిషాల కణజాలం ఒడ్డుకు వచ్చేసరికి 3.15 వరకూ తట్టుకుంటుంది, 80 నిమిషాలది 1.6 దగ్గరే మొరాయిస్తుంది అన్నాడు. వేగంగా నానేది వేగంగానే ఆరుతుంది కాబట్టి దానికి కాస్త చనువు ఇవ్వొచ్చు. నెమ్మదిగా నానేది నెమ్మదిగా ఆరుతుంది. దాంట్లో మిగులు ఎంత తక్కువైనా గంటల తరబడి అక్కడే ఉంటుంది, బుడగకు మేత దొరుకుతూనే ఉంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, తగాదా అంతా దీని చుట్టూనే.

బుడగ శూన్యంలోంచి పుట్టదు

గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగుతుందే, అలాగే రక్తం కూడా పొంగుతుందని చాలామంది చెబుతారు. పోలిక బాగుంది గానీ సగమే నిజం. సీసాలో బుడగలు ఎక్కడ పడితే అక్కడ లేవవు. గాజు మీద గీత ఉన్నచోట, దుమ్ము రేణువు ఉన్నచోట వరసగా లేస్తాయి. శుభ్రమైన నీళ్లలో ఏ ఆసరా లేకుండా బుడగ పుట్టాలంటే వంద వాతావరణాలకు మించిన తేడా కావాలి. డైవర్‌కి రెండు మూడు వాతావరణాల తేడాకే బుడగలు వస్తున్నాయంటే ఒంట్లో ముందే విత్తనాలు ఉన్నాయన్నమాట. కంటికి కనిపించని గాలి బిందువులవి. రక్తనాళాల లోపలి గోడల్ని పట్టుకుని ఉంటాయనీ, కదలికల్లో పుడతాయనీ శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.

విత్తనం పరిమాణం కూడా ముఖ్యమే. బుడగ ఎంత చిన్నదైతే తలతన్యత దాన్ని అంత గట్టిగా పిండుతుంది, లోపలి గాలిని బయటికి నెట్టేస్తుంది. ఒక హద్దు కన్నా చిన్నది నలిగి పోతుంది. ఆ హద్దు దాటిందంటే చుట్టూ ఉన్న మిగులు నత్రజనిని పీల్చుకుంటూ ఉబ్బుతుంది.

పుట్టిన బుడగలు సిరల్లో తేలుతూ గుండె కుడి వైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళతాయి. ఊపిరితిత్తులు జల్లెడలాంటివి, చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అయితే పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో వచ్చిన చిన్న రంధ్రం పూడకుండా ఉండిపోతుంది. అలాంటివాళ్లలో బుడగ జల్లెడని తప్పించుకుని మెదడు వైపో వెన్ను వైపో వెళ్లే వీలుంది. బుడగల వల్ల వచ్చే జబ్బుని డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, డైవర్లు బెండ్స్ అంటారు. భుజమో మోకాలో పీకడం దగ్గర్నుంచి కాళ్లు పడిపోవడం దాకా అన్నీ అందులోవే.

ఈ బుడగల్ని వినొచ్చు కూడా. 1970లలో అమెరికాలో మెరిల్ స్పెన్సర్ డాప్లర్ పరికరం (రక్తంలో కదిలేవాటిని శబ్దంగా వినిపించేది) పెట్టి గుండె చప్పుడు మధ్యలో వచ్చే టకటకల్ని లెక్కగట్టి 0 నుంచి 4 వరకు గ్రేడులు ఇచ్చాడు. ఎప్పుడో ఒకటి వినిపిస్తే 1. దాదాపు ప్రతి స్పందనలోనూ వినిపిస్తే 3. గుండె చప్పుడునే మింగేసేలా ఎడతెరిపి లేకుండా మోగితే 4. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద కూడా చూస్తున్నారు, చీకటి గదిలో తెల్లటి చుక్కలు ఎగిరినట్టు ఉంటుంది.

చేపల శాస్త్రవేత్త అలసట కథ

ఇక లోతులోనే ఆగాలన్న వాదనకి వద్దాం. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు వైద్యుడు కాదు, హవాయిలో చేపల మీద పరిశోధన చేసే రిచర్డ్ పైల్. చాలా లోతునుంచి బతికున్న చేపల్ని పట్టి తెచ్చేవాడు. పైకి తెస్తుంటే చేప ఈతసంచిలోని గాలి ఉబ్బి చేప చస్తుంది, అందుకని దారి మధ్యలో ఆగి సన్నటి సూదితో ఆ సంచిలోంచి గాలి తీసేవాడు. కొన్నాళ్లకి ఒక వింత గమనించాడు. చేపలు దొరికిన రోజు డైవ్ అయ్యాక హుషారుగా ఉంటున్నాడు, దొరకని రోజు ఒళ్లు హూనమై పడిపోతున్నాడు. తేడా ఏమిటి? చేప కోసం లోతులో ఆగిన ఆ రెండు మూడు నిమిషాలే. వాటికి పైల్ స్టాప్స్ అని పేరొచ్చింది.

దాదాపు అదే కాలంలో హవాయి విశ్వవిద్యాలయంలో డేవిడ్ యౌంట్ బృందం జెలటిన్ ముద్దల్లో బుడగలు లెక్కపెడుతూ ఒక సిద్ధాంతం కట్టింది. బుడగ పుట్టాక మందు వెయ్యడం కాదు, విత్తనం హద్దు దాటకుండానే ఆపు, అందుకు మొదటి ఆగుడు లోతులోనే ఉండాలి అని దాని సారం. వీపీఎం (వేరియింగ్ పర్మియబిలిటీ మోడల్) లాంటి బుడగ నమూనాలు ఇందులోంచి వచ్చాయి. పాత పద్ధతిలో నడిచే కంప్యూటర్లకి కూడా గ్రేడియంట్ ఫ్యాక్టర్లు (కణజాలం తట్టుకునే హద్దులో ఎంతవరకు వెళ్లొచ్చో చెప్పే అంకెలు) తగిలించి మొదటి స్టాప్‌ని కిందికి జరుపుకున్నారు.

కొలతలు కూడా కలిసివచ్చాయి. మర్రోనీ, బెన్నెట్ బృందం 2004లో 25 మీటర్ల డైవ్‌ల మీద చేసిన అధ్యయనంలో నిమిషానికి 10 మీటర్ల వేగంతో వస్తూ 15 మీటర్ల దగ్గర 5 నిమిషాలు ఆగినవాళ్లలో బుడగలు అన్నిటికన్నా తక్కువగా వినిపించాయి. తమాషా ఏమిటంటే, నిమిషానికి 3 మీటర్ల చొప్పున నత్తనడక నడిచినవాళ్లలోనే ఎక్కువ. నెమ్మది మంచిదే కానీ లోతులో నెమ్మది అంటే నానబెట్టడం కూడానని ఆ ఫలితమే చెప్పకనే చెప్పింది. అప్పట్లో దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు ప్రయాణానికి ఒక స్టాప్ కలిపితే మొత్తం సమయం పెరుగుతుంది. బుడగలు తగ్గింది లోతులో ఆగినందుకా, లేక ఎక్కువసేపు ఆగినందుకా? రెండూ కలగాపులగమయ్యాయి. 2005లో ఫ్రెంచి నౌకాదళ పరిశోధకులు 50, 60 మీటర్ల డైవ్‌లకి లోతు స్టాప్‌లు కలిపి చూస్తే బుడగలు తగ్గనేలేదు.

అదే పది నిమిషాలు, రెండు చోట్ల

మన లెక్కకి తిరిగి వద్దాం. అటుకులు 3.01, సెనగలు 1.17. చేతిలో 10 నిమిషాలున్నాయి. ఎక్కడ ఖర్చుపెట్టాలి?

15 మీటర్ల దగ్గర పీల్చే నత్రజని 1.98. అక్కడ 10 నిమిషాలు ఉంటే అటుకులు 3.01 నుంచి 2.23కి దిగుతాయి. బాగానే ఉంది. కానీ సెనగల్లో ఉన్నది 1.17 మాత్రమే, బయటి 1.98 కన్నా తక్కువ. అవి ఆరవు సరికదా ఇంకా నాని 1.23 అవుతాయి.

అదే 10 నిమిషాలు 3 మీటర్ల దగ్గర గడిపితే? అక్కడ పీల్చే నత్రజని 1.03. అటుకులు ఏకంగా 1.52కి పడిపోతాయి. సెనగలు కూడా, చాలా కొంచెమే అయినా, 1.16కి దిగుతాయి. రెండు లెక్కల్లోనూ 3 మీటర్లదే పైచేయి.

అయితే లోతు వాదులు చెప్పేది ఈ లెక్కలో కనపడదు. 3 మీటర్ల దగ్గరికి చేరిన క్షణంలో మొత్తం ఒత్తిడి 1.3, అటుకుల్లో 3.01 ఉంది. ఆ మొదటి నిమిషాల్లో విత్తనాలు మొలకెత్తితే తర్వాత ఎంత ఆరబెట్టినా ఏం లాభం అంటారు. 15 దగ్గరైతే 2.5కి ఎదురుగా 3.01, తేడా చిన్నది. అంటే అసలు ప్రశ్న ఇదీ: మొదటి క్షణాల్లో అటుకుల బుడగకి భయపడాలా, చివర్లో సెనగల మిగులుకి భయపడాలా? కాగితం మీద తేలేది కాదు. మనుషుల్ని ముంచి చూడాల్సిందే.

పనామా సిటీ నీటితొట్టి

అమెరికా నౌకాదళ ప్రయోగ డైవింగ్ విభాగం ఫ్లారిడాలోని పనామా సిటీలో అదే చేసింది. డేవిడ్ డూలెట్, వేన్ గెర్త్ బృందం 2011లో నివేదిక ఇచ్చింది. ఒత్తిడి పెంచగల పెద్ద నీటితొట్టిలో డైవర్లు 170 అడుగులకి, అంటే సుమారు 52 మీటర్లకి సమానమైన లోతున 30 నిమిషాలు సైకిలు తొక్కారు. తర్వాత ఆగిన సమయం రెండు జట్లకీ ఒకటే, 174 నిమిషాలు. కలిపింది లేదు, తీసింది లేదు, పంపకం మాత్రమే వేరు. ఒక జట్టు మొదటి స్టాప్ 40 అడుగుల దగ్గర, రెండో జట్టుది 70 అడుగుల దగ్గర. ఈ రెండో పంపకాన్ని ఒక బుడగ నమూనాయే ఉత్తమమని ఎంచింది.

తక్కువ లోతు జట్టులో 192 డైవ్‌లకి 3 బెండ్స్ కేసులు. లోతు జట్టులో 198 డైవ్‌లకి 11. తర్వాత ఒక కేసుని తీసేసి 10గా లెక్కేసినా తేడా నిలబడింది. గుండెలో చూసిన బుడగల గ్రేడులు కూడా లోతు జట్టులోనే ఎక్కువ. బుడగలు తగ్గించడం కోసమే పుట్టిన పద్ధతి బుడగల్లోనే ఓడింది.

దీని మీద వచ్చిన ఎదురు వాదనలు కొట్టిపారేసేవి కావు. సాంకేతిక డైవర్లు (స్టాప్‌లు తప్పనిసరైన లోతు డైవ్‌లు చేసేవాళ్లు) 52 మీటర్లకి మామూలు గాలితో వెళ్లరు, హీలియం కలుపుకుంటారు, చివర్లో ఆక్సిజన్ పీలుస్తారు, పరీక్షలో అవేవీ లేవు. పరీక్షించినది తాము వాడే వీపీఎం కాదు, వేరే నమూనా. ఈత దుస్తులతో నీళ్లలో మూడు గంటలు వణికితే రక్తప్రసరణ మారదా? ఇవన్నీ నిజమే. కానీ నా లెక్కలో వీటికన్నా బరువైనది ఒంట్లో ఇది జరిగే తీరు. లోతులో ఆగితే సెనగలు నానతాయన్నది గాలికీ హీలియంకీ, వీపీఎంకీ మరోదానికీ ఒకేలా వర్తిస్తుంది. హీలియం వాడితే ఎంత నానతాయన్నది మారొచ్చు, నానడం ఆగదు. 2011 తర్వాత చాలామంది డైవర్లు మొదటి స్టాప్‌ని పైకి జరుపుకున్నారు. ఎంత పైకి అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. హాల్డేన్ చెప్పినంత పైకా, దానికి కాస్త కిందా, అన్న దాని మీద పెద్దపెద్దవాళ్లే తలో మాటా అంటారు.

బుడగ వినిపించడం వేరు, కాలు పీకడం వేరు

ఈ అధ్యయనాలన్నీ చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. జబ్బు అరుదు కాబట్టి రెండు పద్ధతుల్ని పోల్చాలంటే వందల డైవ్‌లు కావాలి. పైగా మనుషులకి జబ్బు వచ్చేదాకా చూడడం అంత తేలిగ్గా ఒప్పుకునే విషయం కాదు. అందుకే ఎక్కువ అధ్యయనాలు జబ్బుకి బదులు బుడగల్ని లెక్కపెడతాయి. ఈ బదులు కొలత ఒక వైపే బాగా పనిచేస్తుంది. బుడగలు అసలు వినిపించకపోతే జబ్బు రావడం చాలా అరుదు. ఎక్కువగా వినిపిస్తే ప్రమాదం పెరుగుతుంది కానీ, గ్రేడు 3, 4 వచ్చినవాళ్లలో అత్యధికులు ఏమీ తెలియకుండానే ఇంటికెళ్లి భోంచేస్తారు. ఒకే డైవ్ చేసిన ఇద్దరిలో ఒకరికి సున్నా, ఇంకొకరికి 3 రావచ్చు. అదే మనిషికి ఇవాళ ఒకటి, వచ్చే వారం మరొకటి. పది మందిని వినేసి ఫలానా పద్ధతి మంచిదని తేల్చేసేవాళ్లని చూస్తే నాకు కాస్త అనుమానమే.

స్టాప్ ఒక్కటే కాదు, వచ్చే వేగమూ పద్ధతిలో భాగమే. అమెరికా నౌకాదళం చాలా ఏళ్లు నిమిషానికి 60 అడుగుల వేగం వాడింది. అదేదో ప్రయోగశాలలో తేలిన అంకె కాదు. బరువైన రాగి శిరస్త్రాణాల డైవర్లు ఇంకా నెమ్మది కావాలన్నారు, ఈదుతూ పనిచేసే నౌకాదళ డైవర్లు (ఫ్రాగ్‌మెన్) ఇంకా వేగం కావాలన్నారు, సెకనుకి అడుగు అని మధ్యలో రాజీ కుదిరింది. తర్వాత 30కి తగ్గించారు.

సెనగలన్నీ నానిపోయాక: విశాఖ నౌక సంగతి

2025 జూలై 18న విశాఖలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ గురించి వార్తల్లో శాచురేషన్ డైవింగ్ అన్న మాట వినే ఉంటారు. హిందూస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఈ నౌక నుంచి డైవర్లు 300 మీటర్ల దాకా దిగగలరు. అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. డైవర్లు నౌక మీదే ఒత్తిడి గదిలో రోజుల తరబడి ఉంటారు, గంట ఆకారపు బోనులో పనికి దిగి మళ్లీ అదే ఒత్తిడిలోకి వస్తారు. అటుకులూ సెనగలూ అన్నీ పూర్తిగా నానిపోయాయి, ఇక ఎంతసేపున్నా కొత్తగా చేరేదేమీ లేదు. అందుకే వారం ఉన్నా, నాలుగు వారాలున్నా ఒకే ఒక్కసారి డీకంప్రెషన్. లోతులో ఆగాలా పైన ఆగాలా అన్న తగాదాయే అక్కడ లేదు. అన్నిటికన్నా నెమ్మదిగా ఆరేది ఏదో దాని వేగమే అందరి వేగం. ప్రతి 30 మీటర్లకీ ఒక రోజు, పైన ఇంకో రోజు అన్నది మోటు లెక్క. 300 మీటర్లకి దాదాపు 11 రోజులు గదిలోనే.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హైదరాబాద్ విమానం

సెలవుల్లో డైవ్ చేసినవాళ్లకి చివరి డీకంప్రెషన్ పడవ మీద అయిపోదు. విమానం లోపల ఒత్తిడి సుమారు 0.75 వాతావరణాలే, అంటే 2,400 మీటర్ల ఎత్తు కొండ మీద కూర్చున్నట్టు. అందుకే ఒక్క మామూలు డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రోజుకి పలుమార్లు చేసినా పలు రోజులు చేసినా 18 గంటలు ఆగమంటారు. స్టాప్‌లు తప్పనిసరైన డైవ్‌లకి ఇంకా ఎక్కువ.

మన సెనగలు 80 నిమిషాలవి కాబట్టి 12 గంటల్లో తొమ్మిది అర్ధకాలాలు గడిచి మిగులు ఐదు వందల్లో ఒక వంతుకి పడిపోతుంది, మరి 18 ఎందుకు అనిపించొచ్చు. అవి మనం లెక్క కోసం పెట్టుకున్న సెనగలు. జ్యూరిక్‌లో ఆల్బర్ట్ బూల్‌మన్ తయారుచేసిన, చాలా కంప్యూటర్లలో ఇప్పుడు నడుస్తున్న నమూనాలో 16 భాగాలున్నాయి. వాటిలో ఆఖరిదాని అర్ధకాలం 635 నిమిషాలు. 12 గంటల తర్వాత కూడా దాంట్లో చేరిన మిగులులో 46 శాతం అలాగే ఉంటుంది. ఒక్క డైవ్‌కి అందులో చేరేది స్వల్పమే. వారం రోజులు రోజుకి మూడు సార్లు దిగితే మాత్రం ప్రతి ఉదయం నిన్నటి మిగులుతోనే మొదలవుతుంది.